చల్లారేదాకా

అయినా నలుగురిలో ఒకడు అబద్ధమాడితే ఇల్లంతా పస్తుండాలా అని ఆలోచిస్తూ డ్రైవరు రిపేరు షెడ్డు ముందున్న బకెట్లో చెయ్యి ముంచాడు. ముఖం ఇందాకే కడుక్కున్నానన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. రెండు రాత్రులు రోడ్డు మీది తెల్లగీత వెంట పరిగెత్తిన కళ్లకి నీళ్లు తగిలితే ఇసుక తగిలినట్టుంది.

లారీ పొగగొట్టం పొడుగునా నాలుగు వేడి సెన్సర్లుంటాయి. లోపల ఎంత కాగుతోందో అవి చెబుతాయి, ఇంజను కంప్యూటరు వింటుంది. ఒక్కటి తేడాగా చెప్పినా చాలు, భయపడి బలం సగానికి కోసేస్తుంది. పొద్దున ఎత్తు రోడ్డు మీద అదే జరిగింది. స్టీరింగు ఎదుట హెచ్చరిక దీపం వెలిగింది. సైకిలు మీద పోతున్న ముసలాయన కూడా అతన్ని దాటిపోతూ జాలిగా చూశాడు.

సాయంత్రం ఆరింటికి ఫ్యాక్టరీ గేటు మూస్తారు. ఇప్పటికే రెండుసార్లు ఆలస్యమయ్యాడు. మూడోసారైతే ఈ రూటు ఇంకొకడికి పోతుంది. ఈసారంటే రెండు ట్రిప్పులు వరసగా పడ్డాయిగానీ, ఈ రూటు దొరికాకే రోజు విడిచి రోజు ఇంట్లో పడుకోగలుగుతున్నాడు. మూడేళ్ల కూతురు అతన్ని చూసి తల్లి వెనక దాక్కోవడం మానేసింది.

మెకానిక్కు లారీ కిందనుంచి పాక్కుంటూ బయటికొచ్చింది. భర్త పెట్టిన షెడ్డు, ఇప్పుడు ఆమే నడుపుతోందని పక్కన టైర్లవాడు చెప్పాడు. గోడ గడియారంలో పావుతక్కువ పది.

"ఎంతసేపు పడుతుందక్కా?"

ఆమె చేతులు తుడుచుకుంటూ అతన్నే చూస్తోంది.

"అక్కా, ఎంతసేపు పడుతుంది?"

"వినపడింది. ఎప్పుడు బయల్దేరావు తమ్ముడూ, నిన్ననా?"

"మొన్న. బండి సంగతి చెప్పండి."

ఆమె ఇంకొంచెం సేపు తుడుచుకుంది. "ముందు ఇంజను పూర్తిగా చల్లారాలి. చల్లారాక నాలుగు సెన్సర్లూ ఒకే అంకె చెప్పాలి. చెప్పనిదే దొంగ. వేడి మీద అడిగితే నలుగురూ నాలుగు మాటలు చెబుతారు."

"దానికెంత?"

"రెండు గంటలు."

"నా కొంప ముంచుతారా? ఆరింటికి గేటు. ఇక్కణ్నుంచి నాలుగ్గంటల దారి."

"ఆమాత్రం లెక్క నాకూ వచ్చు."

"లోపం చూపించే మిషను తగిలించి చూశారుగా, ఏది పోయిందో చెప్పలేదా?"

"మిషను పేరు చెబుతుంది, కారణం చెప్పదు. తీగ కొరికిన ఎలకని వదిలేసి సెన్సర్ని ఉరితీసేవాళ్లు ఊరినిండా ఉన్నారు. తొందరైతే వాళ్ల దగ్గరికెళ్లు."

సగం బలంతో ఎక్కడికెళ్తాడు?

"తాళం ఇటివ్వు." తీసుకుని చొక్కా జేబులో వేసుకుంది. "మధ్యలో ఎవరైనా స్టార్టు చేస్తే మళ్లీ మొదటికొస్తుంది. ఆ నవారు మంచం మీద కూర్చో. ఎదురుగా నిలబడ్డావని అదేం తొందరగా చల్లారదు."

ఆమె బల్ల మీద గుడ్డ పరిచింది. పానాలు చిన్నవాటినుంచి పెద్దవాటిదాకా వరసగా పేర్చింది. ఒక్కొక్కటీ తుడిచింది. కొత్త సెన్సర్ల పెట్టెలు నాలుగు దించి, కళ్లద్దాలు పెట్టుకుని నంబర్లు చదివింది. మళ్లీ చదివింది. బిగుసుకున్న మరలు వదులవడానికి తుప్పు వదిలించే నూనె చుక్కచుక్కగా పోసింది. నిమ్మకు నీరెత్తినట్టుంది మనిషి.

ఒకటి పోతే నాలుగూ అంటగట్టే బాపతు, అనుకున్నాడు డ్రైవరు. లేదా పని రాదు. పని రానివాళ్లే గుడ్డ శుభ్రంగా పరుస్తారు. నిదానంగా ఉండే మనుషుల్ని చూస్తే అతనికి చిన్నప్పట్నుంచీ మంట. ఎందుకో ఎప్పుడూ ఆలోచించలేదు. ఆలోచించాలంటే ఆగాలి, ఆగితే వెనకనుంచి ఏదో వచ్చి అందుకుంటుందని భయం. ఏమిటది? అప్పు కాదు, రోగం కాదు, దానికి ముఖం లేదు...

"ఇంకెంతక్కా?"

"చెయ్యి పెట్టి చూశా. ఇంకా వేడే."

చల్లారుతున్న ఇనుము టిక్కు టిక్కుమంటోంది. రెండు టిక్కుల మధ్య దూరం కొలుద్దామనుకున్నాడు. ఏడు లెక్కపెట్టాడు. ఎనిమిది వినలేదు.

కళ్లు తెరిచేసరికి లారీ గుర్రుమంటోంది. గడియారంలో ఒకటీ పది.

"లేపొద్దూ!"

"పిలిచాను. గుర్రు పెట్టి జవాబిచ్చావు."

"రెండు గంటలన్నారు."

"మొండిఘటం. అనుకున్నదానికంటే ఎక్కువే తీసుకుంది." తాళం, దాంతోపాటు నాలుగు మడతల కాగితం అతని చేతిలో పెట్టింది. "దీపం ఆరిపోయింది. ఇప్పుడు బయల్దేరినా ఐదుంబావుకి గేటు దగ్గరుంటావు. ఇది మీ ఆఫీసులో ఇవ్వు."

దారి పొడుగునా ఆమెను తిట్టుకుంటూనే ఉన్నాడు. కనపడిన ప్రతి డ్రైవరుకీ చెప్పాలి, ఆ షెడ్డు ఛాయలకి పోవద్దని. ఇంకో ఎత్తు రోడ్డు వచ్చింది, బండి మారాం చెయ్యకుండా ఎక్కింది. మలుపులు వాటంతటవే చేతికిందికి వచ్చాయి. తెల్లగీత ఎక్కడా రెండుగా చీలలేదు. అదేం విశేషమని అతను పట్టించుకోలేదు.

గేటు దగ్గర గుమాస్తా పుస్తకం తెరిచాడు. "ఐదూ ఇరవై. బతికిపోయావు. ట్రాకర్లో బండి కదల్లేదు, మధ్యలో ఎక్కడైనా నిద్రపోయారా బండీ నువ్వూ?"

"ఆ షెడ్డావిడ నిర్వాకం. మన రిపేరు షెడ్ల లిస్టులోంచి ఆ పేరు కొట్టేయండి సార్. పొద్దున్నుంచి ఒంటిగంటదాకా కూర్చోబెట్టింది."

"కొట్టేద్దాం, దానికేం." గుమాస్తా లిస్టు లాగి పెన్ను మూత తీశాడు. "కారణం రాయాలిగా. ఏం పోయిందట? ఎప్పటికి చేసిందట? చదువు."

డ్రైవరు జేబులోంచి కాగితం తీసి, మొదటిసారి మడతలు విప్పాడు. పైన ఆమె చేతిరాత: ప్లగ్గు వదులైంది, బిగించాను, సెన్సర్లు నాలుగూ బాగున్నాయి. కింద మిషను అచ్చేసిన వరస ఒక్కటే ఉంది.

లోపం తొలగిన సమయం, ఉదయం తొమ్మిదీ నలభై.