రాళ్లవాన సీను

"ఆ పిల్ల ఏడ్వలే."

ఆడవాళ్ల బెంచీల మధ్య నుంచి ఈ మాట వినబడగానే యాకమ్మ టార్చిలైటు అటు తిప్పింది.

వరంగల్‌లో ఆ టాకీసు ఆడవాళ్ల గేటుకు యాకమ్మే రాణి. పద్నాలుగేళ్లుగా అక్కడ టికెట్లు చింపుతోంది. ఆమె కళ్లుగప్పి చీమ కూడా లోపలికి పోలేదని మేనేజరు గట్టయ్య అందరితో చెప్పేవాడు. యాకమ్మ కూడా ఆ మాట చెప్పుకునేది, ఇంకొంచెం ఎక్కువగా.

అది ఎనభై రెండు ఎండాకాలం. ఆడుతున్నది పిల్లల సినిమా.

పదేళ్ల పిల్లవాడూ పదేళ్ల పిల్లా పెళ్లి చేసుకుందామని ఇంట్లో చెప్పకుండా బయలుదేరతారు. రైలు పట్టాలు రెండూ దూరంగా ఒకచోట కలిసినట్టు కనిపిస్తాయి కదా, అక్కడే పెళ్లి అని వాళ్ల ఆలోచన. చేతిలో ఒక గొడుగు, చంకలో కోడిపెట్ట, మెళ్లో మోదుగుపూల దండలు. ఎంత నడిచినా పట్టాలు కలవవు. ఇంతలో రాళ్లవాన పడుతుంది. గొడుగు చిరిగి, పిల్ల వెక్కి వెక్కి ఏడుస్తుంది. పిల్లవాడు కన్నీళ్లు తుడిచి ధైర్యం చెబుతాడు.

అక్కడ ఆడవాళ్లంతా కొంగులు తడుపుకునేవారు.

సరిగ్గా అక్కడే ఆ కొత్తామె నోరు విప్పింది.

నలభై ఏళ్ల మనిషి. నీలం గళ్ల చీర, నున్నగా దువ్విన తల, ఒళ్లో చేతిసంచి. ఏ ఊరామెనో ఎవరూ అడగలేదు.

మొదటి రోజు పక్కవాళ్లు నవ్వి ఊరుకున్నారు. మర్నాడు మళ్లీ వచ్చింది. అదే సీను, అదే మాట. మూడో రోజు ఒక ముసలావిడ గట్టయ్య గదికి వెళ్లి, మంచిగా ఏడుస్తుంటే మధ్యలో చెడగొట్టిందని గోల పెట్టింది.

గట్టయ్యకు విషయం వెంటనే అర్థమైపోయింది. అర్థమైందనే అనుకున్నాడు.

ఒక టాకీసు వాళ్లు ఇంకో టాకీసుకు మనుషులను పంపి, ఈలలు వేయించి సినిమా దింపించడం అప్పట్లో మామూలే. యాభయ్యో రోజు దగ్గరికి వచ్చింది. సినిమా తీసిన సారంగపాణి స్వయంగా వస్తున్నాడు. అవతలి టాకీసులో ఆ ఏడాది ఏ బొమ్మా ముప్పై రోజులు దాటలేదు. వాళ్లే కడుపుమంటతో ఈమెను పెట్టారని గట్టయ్య తేల్చాడు. యాకమ్మకూ అదే నిజమనిపించింది.

నాలుగో రోజు రాళ్లవాన మొదలు కాగానే యాకమ్మ వెళ్లి ఆమె పక్కనే నిలబడింది.

"ఆ పిల్ల ఏడ్వలే," అందామె తెర వైపే చూస్తూ.

యాకమ్మ ఆమెను రెక్క పట్టుకొని లేపింది. గేటు బయటికి తెచ్చి, నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని బుద్ధి చెప్పింది. పైసలిచ్చి పంపిందెవరని నిలదీసింది. జనం మూగారు. సోడాలమ్మే అతను పకపకా నవ్వాడు.

ఆమె కొంగు సర్దుకుంది. చింపిన సగం టికెట్టును సంచిలో భద్రంగా పెట్టుకుంది.

"నన్ను పంపితె పంపు అక్కా. ఆ పిల్ల మీద మాత్రం అబద్ధం ఆడొద్దు."

అంతే. తల ఎత్తుకొని స్టేషను వైపు నడిచిపోయింది. ఆ సాయంత్రం యాకమ్మ ఈ సంగతిని ముగ్గురికి గొప్పగా చెప్పింది.

తెల్లారితే యాభయ్యో రోజు. టాకీసుకు మామిడాకులు కట్టారు. హాలు కిక్కిరిసింది.

సారంగపాణి తెర ముందు రెండు కుర్చీలు వేయించాడు. ఒకదాంట్లో తను కూర్చున్నాడు. రెండోదాంట్లో గట్టయ్య కూర్చోబోతే, చేయి పట్టుకొని ఆపాడు.

తర్వాత మైకు తీసుకున్నాడు. ఈ కథ తనదేననీ, డోర్నకల్‌లో తన పదో ఏట జరిగిందనీ చెప్పాడు. ఆ సంగతి తెలిసిన వారానికే పిల్ల తండ్రి ఇల్లు ఖాళీ చేసి ఎటో వెళ్లిపోయాడట. మళ్లీ ఆమె కనబడలేదట. అందుకే ఏ ఊళ్లో ఫంక్షనైనా ఆమె కోసం ఒక కుర్చీ వేయిస్తాడట.

"ఈ సిన్మాల ఒక్క అబద్ధం ఉన్నది," అన్నాడు. "ఆడపిల్ల ఏడిస్తెనే టికెట్లు తెగుతయని పైసలు పెట్టినోళ్లు అన్నరు. నేను తల ఊపిన. రాళ్లవానల ఏడ్చింది నేను. ఆమె గొడుగు నా చేతికిచ్చి, నన్ను వీపు మీద ఎత్తుకొని గార్ల స్టేషన్ దాక మోసింది."

హాలంతా చప్పట్లు మోగాయి.

యాకమ్మ చేతులు లేవలేదు. గేటు దాకా పరుగెత్తి రోడ్డు అటూ ఇటూ చూసింది. నీలం గళ్ల చీర ఎక్కడా లేదు. పద్నాలుగేళ్లలో మొదటిసారి ఆమెకు తన టార్చిలైటు మీద అసహ్యం పుట్టింది.

లోపల సారంగపాణి ఇంకా అడుగుతున్నాడు. ఆమె జాడ తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని.

యాకమ్మ బెంచీల మధ్య నుంచి తెర ముందుకు నడిచింది. గట్టయ్య కళ్లతోనే వద్దన్నాడు. ఆమె అటు చూడలేదు. ఖాళీ కుర్చీ పక్కన నిలబడి, తన సొంత బిడ్డ గురించి చెబుతున్నంత గర్వంగా, హాలు మొత్తానికీ వినబడేలా చెప్పింది.

"నిన్న నేనే రెక్క పట్టి బయటికి పంపిన సారూ. అప్పుడు గూడ ఏడ్వలే."