ఫోన్ ఎత్తిన ఆఫీసరు

సంచిలో రెండు చీరలు, దువ్వెన, కళ్ళజోడు పెట్టింది కూతురు. పైన దుప్పటి కుక్కింది.

"ఆ కొత్త చీర తీసెయ్యవే. పెళ్ళికి వెళ్తున్నానా?" అంది అమ్మ మంచం మీద నుంచి.

ఒళ్ళు కాలిపోతున్నా నోరు మాత్రం తగ్గలేదు.

ఊరంతా అంటుజ్వరం. అది సోకినవాళ్ళను ఊరి చివర ఆస్పత్రికి చేర్చడానికి నగరపాలక సంస్థ బండి పంపాలి. వెంట ఎవర్నీ రానివ్వరు. వెళ్ళినవాళ్ళలో సగం మంది తిరిగి రావడం లేదని వీధిలో చెప్పుకుంటున్నారు.

కూతురు దర్జీ. ముందుగదే దుకాణం. కుట్టుమిషన్ పక్కన నల్లటి ఫోన్ ఉండేది. ఆ రోజుల్లో ఒక్కో అంకెకూ డయల్ తిరిగి వెనక్కి వచ్చేదాకా ఆగాలి. ఆ ఆగడంలోనే సగం ప్రాణం పోయేది.

ఆరోగ్య విభాగానికి చేసింది. చాలాసేపు మోగాక ఒక బొంగురు గొంతు పలికింది.

"ఆఫీసు."

"మా అమ్మకు మూడు రోజులుగా జ్వరమండీ. బండి కావాలి."

"ఏ వీధమ్మా?"

చెప్పింది.

"అందులో బండి తిరగదు. మలుపులో ఆగుతుంది. కుర్చీలో కూర్చోబెట్టి మోయించు. దుప్పటి పెట్టావా?"

"పెట్టాను. పై ఆఫీసరుగారితో ఒక్కమాట..."

"భోజనానికి వెళ్ళారు."

"పొద్దున్న తొమ్మిదింటికి భోజనమేంటండీ?"

"పెద్దవాళ్ళ ఆకలి మనకేం తెలుస్తుంది తల్లీ!"

అరగంటలో బండి వచ్చింది.

"పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోకు" అంది అమ్మ ఎక్కుతూ. అంతే. తలుపు పడింది.

మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే ఫోన్ చేసేది. రోజూ అదే గొంతు.

"రాత్రి పాలు తాగిందట. చల్లారిపోయాయని నర్సును తిట్టిందట."

"నిజంగా తిట్టిందా?"

"మా డ్రైవరు చెవులారా విన్నాడు."

ఏడుస్తూనే నవ్వింది కూతురు.

ఆ ఫోన్ ఇప్పుడు లేదు. ఆ వీధిలో ఇప్పుడు ఎంత పెద్ద బండైనా తిరుగుతుంది. "ఆఫీసు" అన్న ఆ ఒక్క మాట మాత్రం, ఎన్నేళ్ళయినా, పొద్దున్నే ఆమె చెవిలో పడుతూనే ఉంటుంది.

ఐదో రోజు గొంతు తడబడింది. "ఇవాళ కబురు రాలేదమ్మా."

"అంటే?"

"డ్రైవరును లోపలికి రానివ్వలేదట."

 ఆమె భయం కాస్తా కోపమైంది.

"ఫ్యాను కింద కూర్చుని కబుర్లు చెప్పడమేనా మీ ఉద్యోగం? ఒక్కరైనా లేచి వెళ్ళి చూడొచ్చుగా! మీ అమ్మయితే ఇలాగే కూర్చుంటారా?"

అవతల కుర్చీ జరిపిన చప్పుడైంది.

"కూర్చోను" అన్నాడతను.

మధ్యాహ్నం ఫోన్ అతనే చేశాడు. "చూసొచ్చానమ్మా. కిటికీలోంచి పిలిస్తే తలెత్తింది. బాగుంది."

ఆ తర్వాత నాలుగు రోజులకు గొంతు మరీ బొంగురుపోయింది.

"రేపు ఫోన్ చెయ్యకు తల్లీ."

"ఎందుకండీ?"

"రేపు మీ అమ్మే వస్తుంది. బండికి చెప్పేశాను."

శుక్రవారం పొద్దున్న అమ్మ వచ్చింది. చిక్కి సగమైంది. నోరు మాత్రం అలాగే ఉంది.

"ఎవరే ఆయన? నా మంచం దాకా వచ్చాడు. దుప్పటి చాలిందా అని మీ అమ్మాయి అడుగుతోందన్నాడు."

"మంచం దాకానా? కిటికీలోంచి చూశానన్నాడే!"

"ఎక్కడి కిటికీ! పక్కన కూర్చుని మంచినీళ్ళు కూడా తాగించాడు."

"ఆరోగ్య విభాగం ఆఫీసరమ్మా ఆయన."

"ఆఫీసరా? చొక్కాకు రెండు గుండీలు లేవు!"

ఆ మాట కూతురికి గుచ్చుకుంది. తెల్లటి గుడ్డ తెచ్చి చొక్కా కుట్టింది. కొలతలు తెలియక, ఆఫీసరు కదా అని పొట్ట దగ్గర రెండంగుళాలు వదులు పెట్టింది.

జ్వరాలు తగ్గి, నగరపాలక సంస్థ తలుపులు తెరిచాక తీసుకెళ్ళింది.

ఆరోగ్య విభాగం గోడకు కొత్త పటం తగిలించారు. అంటుజ్వరం రోజుల్లో ఒక్క పూటైనా సేవలు ఆగనందుకు పై నుంచి వచ్చిన ప్రశంసాపత్రం.

"ఫోన్‌లో మాట్లాడిన ఆఫీసరుగారిని చూడాలండీ" అంది గుమాస్తాతో.

"ఏ ఆఫీసరమ్మా? మా ఆఫీసరుకే జ్వరమొచ్చింది. మిగతా పద్నాలుగు మందిమీ ఇళ్ళలో ఉన్నాం. ఈ గదికి నెలరోజులు తాళం."

"మరి రోజూ నాతో మాట్లాడిందెవరు?"



చీటీ కోసం నిలబడ్డ డ్రైవరు అందుకున్నాడు. "ఈ ఫోన్ మోగితే కింద గేటు దగ్గరా మోగుతుందమ్మా."

"బండ్లు పంపమన్నదెవరు?"

"గేటు దాటే చీటీ చేతికొస్తే బండి తియ్యడమే మా పద్ధతి. వెనక ఎవరి హుకుం ఉందని ఏనాడూ అడగం. నీళ్ళ బండి, చెత్త బండి, రోగుల బండి... రోజూ చీటీ వచ్చేది, రోజూ తీశాం."

"ఆయన్ను ఒకసారి పిలవండి. చొక్కా తెచ్చాను."

డ్రైవరు చొక్కా విప్పి చూశాడు. మళ్ళీ మడతలు చెడకుండా మడిచాడు.

"మనిషి బాగా సన్నం అమ్మా" అన్నాడు.

నెలరోజులు ఊరు ఆగకుండా చూసినవాడు ఆ ఆఫీసు గేటు వాచ్‌మన్. అమ్మ ఇంటికి వచ్చిన శుక్రవారం సాయంత్రమే అతను ఊరి చివర ఆస్పత్రికి వెళ్ళాడు, తిరిగి రాలేదు.