ఎదురు షాపు మనిషి

“మిమ్మల్ని ఎవరు పంపారో చెప్పేదాకా ఈ సంచీ ఇవ్వను,” అన్నాడు మేనేజరు.

రేట్ల పిన్ని నివ్వెరపోయింది. ఆ పేరు ఆమెకు పెట్టింది షాపులో పనిచేసేవాళ్ళే. ఆవిడ రోజూ వస్తుంది. ప్రతి అర ముందూ ఆగి, పెదవులు కదుపుతూ ధరలన్నీ చదువుకుంటుంది. చివరికి ఒక ఉప్పు ప్యాకెట్టో, అగ్గిపెట్టో కొనుక్కుని వెళ్ళిపోతుంది. ఇవాళ కూడా పంచదార దగ్గర అలాగే నిలబడి ఉంటే గార్డు వచ్చి, సారు లోపలికి రమ్మంటున్నారని తీసుకొచ్చాడు.

లోపల అంటే గది కూడా కాదు. అట్టపెట్టెల మధ్య ఒక బల్ల, రెండు కుర్చీలు. మేనేజరు కుర్రవాడే గానీ మొహం పీక్కుపోయి ఉంది. రోడ్డుకి అవతల చౌకగా అమ్మే ఇంకో షాపు తెరిచిన రోజు నుంచీ అతనికి కంటిమీద కునుకు లేదు. పొద్దున ఇతను నూనె ధర తగ్గిస్తే, సాయంత్రానికల్లా వాళ్ళు ఇంకాస్త తగ్గిస్తున్నారు. ఎవరో లోపలికొచ్చి చూసిపోయి ఉప్పందిస్తున్నారని యజమాని ఫోనులో తలవాచేలా చీవాట్లు పెడుతున్నాడు. ఆ ఉప్పందించే మనిషి ఎవరో ఇవాళ తేల్చి తీరాలి.

“మీది మా అమ్మ వయసు. గట్టిగా అడగలేను,” అన్నాడు. “కానీ నిజం చెప్పకపోతే మాత్రం రోజూ పిలిపించి ఇక్కడే కూర్చోబెడతాను.”

పిన్నికి ఒళ్ళు మండింది. ఇంతకాలం ఎవరి చేతా ఒక మాట పడకుండా బతికిన మనిషి.

“నన్నెవరూ పంపలేదు. ఎక్కడ చౌకైతే అక్కడ కొనుక్కుంటాను. అది కూడా తప్పేనా బాబూ?”

“ఒక ఉప్పు ప్యాకెట్టు కోసం ఇన్ని షాపులు తిరుగుతారా?”

తిరుగుతానంది. నమ్మకపోతే చూడమని సంచీ లాక్కుని బల్లమీద బోర్లించింది. ఒక్కొక్కటే తీసి చూపిస్తూ, ఏది ఎక్కడ కొన్నదో వరసగా చెప్పుకొచ్చింది. ఉల్లిపాయలు కూరల బజారు చివర, బళ్ళు సర్దుకునే వేళకి కొంది. అప్పుడైతే వాళ్ళే బతిమాలి ఇస్తారట. టీపొడి, గడువు దగ్గరపడిన సరుకు పడేసే బుట్టలోది. సబ్బు ఎదురు షాపుది. బస్సులు ఆగేచోట ఒకడు నూనె మరీ చవగ్గా అమ్ముతాడు గానీ, వాడి కొలత డబ్బాకి అడుగు లోపలికి నొక్కేసి ఉంటుంది, ఆ నొక్కులోనే వాడి లాభమంతా ఉంది అంది.

మేనేజరు మొహం గంటుపెట్టుకుని కూర్చుందామనుకున్నాడు గానీ, నూనె డబ్బా దగ్గరకొచ్చేసరికి నవ్వేశాడు. టీ తెప్పించాడు. అయితే బియ్యం సంగతేమిటని తనే అడిగాడు. పిన్ని బియ్యం సంగతి చెప్పింది. ఆ తర్వాత అడగకుండానే బిస్కట్ల సంగతి కూడా చెప్పింది. చెప్పీ చెప్పీ గొంతు బొంగురుపోయింది. వాడకంలో లేని గొంతు మరి. ఎదురు షాపులో అయితే బిల్లు వేసేది కూడా మిషనే. అక్కడ ఇంతవరకూ ఆమెను పలకరించిన మనిషి లేడు, ఆమె పలకరించిన మనిషీ లేడు. ఇంట్లో కుక్కరు కూత వేస్తే ఎవరో పిలిచారనుకుని ఉలిక్కిపడుతుంది.

“ఇంట్లో ఎంతమంది ఉంటారమ్మా?” అన్నాడు మేనేజరు.

“నేనే,” అంది పిన్ని, ఉల్లిపాయలు సంచీలో వేసుకుంటూ.

అంతలో గార్డు బుర్ర గోక్కుంటూ వచ్చాడు. తనకొక అనుమానం అన్నాడు. తగ్గించిన ధరలు ఇంతింత అక్షరాలతో రాసి బోర్డు పెట్టించారు కదా, అది అద్దంలోంచి సరిగ్గా ఎదురు షాపు గుమ్మంలోకే కనిపిస్తోంది, వాళ్ళ మనిషి ఇందాక గుమ్మంలో నిలబడి టీ తాగుతూ దాన్ని చూసి రాసుకుంటున్నాడు అన్నాడు.

మేనేజరు లేచి వెళ్ళి చూశాడు. కాసేపటికి తల దించుకుని తిరిగొచ్చాడు. ఆ బోర్డు అక్కడ పెట్టించింది తనే.

పొరపాటైపోయిందమ్మా, క్షమించండి అన్నాడు. మిగిలిన సరుకులు తనే సంచీలో సర్ది ఇచ్చాడు. మీమీద ఏ మచ్చా లేదని గార్డుకి వినపడేలా మరీ చెప్పాడు.

“మీరు నిశ్చింతగా వెళ్ళండి. ఇంకెప్పుడూ మిమ్మల్ని ఎవరూ పిలవరు.”

పిన్ని సంచీ భుజాన వేసుకుని అట్టపెట్టెలు దాటి వచ్చింది. బయట షాపు కిటకిటలాడుతోంది. ఎవరి బుట్ట వాళ్ళు తోసుకుంటూ పోతున్నారు. ఒక ఆడమనిషి, కాస్త జరగండి అని కూడా అనకుండా ఆమెను రాసుకుంటూ వెళ్ళిపోయింది. పిన్నికి ఎందుకో దుఃఖం ముంచుకొచ్చింది. పరువు దక్కింది, సంతోషంగా ఇంటికి పోవలసిన మనిషి.

తర్వాత వెనక్కి వచ్చి అదే కుర్చీలో కూర్చుంది. సంచీ బల్లమీద పెట్టింది. మేనేజరు ఏమిటన్నట్టు చూశాడు.

“ఆ బోర్డు మీద ఉన్నవి నూనె, పంచదారే కదా బాబూ,” అంది పిన్ని తల వంచుకుని. “మిగతా రేట్లన్నీ వాళ్ళకి చేరవేసింది నేనే. అవన్నీ ఒక్కరోజులో తెమిలేవి కావు. రేపు ఎన్నింటికి రమ్మంటారు?”