వాగులో సబ్బు

కోడలు వీధిలో గొంతుక్కూర్చుని, కాలువ జాలీకి అడ్డంపడ్డ ఆకుల్ని పుల్లతో లాగుతోంది. రోజూ పొద్దున్నే ఇదే పని. ఆకులు నల్లగా, జిడ్డోడుతూ వస్తున్నాయి. వాన పడితే ఈ వీధి మురికంతా ఈ జాలీలోంచి దిగి, తిన్నగా వెనకున్న వాగులో కలుస్తుంది.

"ఏమ్మా, మునిసిపాలిటీవాళ్ళు జీతం పెంచారా?" ఎదురింటి టైలరు స్కూటరు కడుగుతూ నవ్వాడు.

"ఆ నూనె నీళ్ళు కూడా వాగులోకే పోతున్నాయి బాబాయిగారూ."

"నా బకెట్టుకే చచ్చిపోతాయేంటమ్మా చేపలు! ముందు ఆ లాండ్రీ సంగతి చూడండి."

ఆమెకి ఒళ్ళు మండింది. కానీ ఆ చివరి మాట కాదనలేకపోయింది.

వాన పడ్డ ప్రతిసారీ వాగులో చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. ఆమే ఇంటింటికీ తిరిగి, గడ్డాలు పట్టుకుని బతిమాలి ఓ సంఘం కట్టింది. వాన వెలవగానే వాగు నీళ్ళు సీసాల్లో పట్టి ల్యాబ్‌కి పంపుతున్నారు. ప్రతి రిపోర్టులోనూ ఒకటే మాట. సబ్బు. వీధిలో అంత సబ్బు వాడేది లాండ్రీ ఒక్కటే.

అయినా మునిసిపల్ ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగితే గానీ ఎవరూ కదల్లేదు. చివరికి ఇవాళ మధ్యాహ్నం లాండ్రీకి తాళం వేస్తామన్నారు.

ఆమె ఉద్యోగానికి బయల్దేరుతుంటే లాండ్రీ ఆయన గుమ్మం ముందు నిలబడ్డాడు.

"నా నీళ్ళు మా దొడ్లో గుంటలోకే పోతాయమ్మా. వాగులోకి చుక్క కూడా వదల్ను. ఒక్కసారొచ్చి చూడండి."

"చూశాంగా, రిపోర్టుల్లో!"

"ఇస్త్రీపెట్టె తప్ప ఇంకో పని తెలీదు. ఈ వయసులో షాపు పోతే ఎక్కడికి పోను తల్లీ?"

అబద్ధాన్ని ఇంత నిబ్బరంగా ఎలా చెబుతారో! ఆమె విసురుగా పక్కకి తప్పుకుంది.

"జాలిపడి వదిలేసేవు!" లోపల్నుంచి అత్తగారి కేక. "మొదట్లో నీకు పనీపాటా లేదన్నాను గానీ, ఇప్పుడు నేనూ మీ సంఘమే. నాకు చేతనైంది నేనూ చేస్తున్నా."

"మీరా అత్తయ్యా! ఒక్కరోజైనా వాగు దగ్గరకొచ్చారా?"

"చేసేదంతా చాటింపు వెయ్యాలేంటే?"

పక్కింటావిడతో కలిసి లాండ్రీని ఆడిపోసుకోవడమే ఆ సాయం అనుకుంది కోడలు.

మధ్యాహ్నానికి మబ్బు కమ్మింది. మునిసిపల్ ఆఫీసువాళ్ళ మాట నీళ్ళ మూట. ఈ వాన నీళ్ళు కూడా పట్టిపెడితే ఇక వెనక్కి తగ్గలేరు. సెలవడిగి ఇంటికి పరుగెత్తుకొచ్చింది. అప్పటికే మునిసిపల్ జీపు లాండ్రీ ముందు ఆగి ఉంది. లాండ్రీ ఆయన ఉతికిన బట్టల మూటలు ఒక్కొక్కటే బయటపెడుతున్నాడు.

సీసాల కోసం ఆమె గబగబా లోపలికి నడిచింది.

వంటింట్లో అత్తగారు, "ప్రతిసారీ ఇదే ఖర్మ, ఎన్ని చేతులు మారి వస్తాయో ఏమో" అని గొణుక్కుంటూ, ల్యాబ్ పంపిన ఖాళీ సీసాల్ని సబ్బునీళ్ళతో లోపలికంటా తోమి, నురగ పోయిందో లేదో చూడకుండానే మూతలు బిగిస్తుంటే, కోడలు వెనుదిరిగి, గుమ్మం దిగి, లాండ్రీ వైపు పరుగు తీసింది.