ఎర్ర దారం కట్టిన గొడుగు

బస్టాండులో, జనం మరిచిపోయిన సామాన్లు దాచే గది కిటికీ దగ్గర ఆ మనిషి మళ్ళీ ప్రత్యక్షమయ్యాడు.

గుమాస్తా ఆవిడ మొహం వెలిగిపోయింది. "రండి రండి, మతిమరుపు మహారాజుగారూ! ఈసారి ఏం పారేసుకున్నారు?"

"గొడుగండీ."

మొన్న తాళాలు, అంతకుముందు కళ్ళజోడు. ఆనవాలు చెబితేగానీ వస్తువు చేతికివ్వకూడదని అక్కడి నియమం. ఆయన వచ్చినప్పుడు మాత్రం ఆవిడ ఆ నియమాన్ని క్యూలో అందరికీ వినబడేలా పాటించేది. అదో సరదా ఆవిడకి.

"ఆనవాలు?"

"నల్లది."

"ఇక్కడున్నవన్నీ నల్లవే. కాస్త గట్టిగా చెప్పండి, అందరూ వినాలి."

"పిడికి ఎర్ర దారం ఉంటుందండీ. నేను మరిచిపోకూడదని మా క్లాసు పిల్ల కట్టింది."

"ఆ పిల్లకున్న బుద్ధి మీకుంటే ఎంత బాగుండేది!"

క్యూ అంతా గొల్లుమంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"నిజమేనండీ. చాలా తెలివైన పిల్ల."

కంగారుగా సంతకం పెట్టి, గొడుగు అక్కడే మరిచిపోయి, వానలో వెళ్ళిపోయాడు.

మళ్ళీ నవ్వులు. ఆవిడ వెనక్కి పిలవలేదు. 'రేపెలాగూ వస్తాడుగా' అనుకుని గొడుగుని తిరిగి గోడకి తగిలించింది.

రాలేదు.

వారం తర్వాత ఆవిడ కూతురు బడి నుంచి తిన్నగా అక్కడికే వచ్చింది, ఏడ్చుకుంటూ.

"మా సార్ వేరే ఊరు వెళ్ళిపోయారమ్మా."

ఆవిడ కూతుర్ని దగ్గరికి తీసుకుంది. డాక్టరు ఏకాగ్రత లోపమని చెప్పినా, బద్ధకమని తను చెయ్యి చేసుకున్న పిల్ల. బడివాళ్ళు మొద్దని తేల్చేసిన పిల్ల. ఆ కొత్త సార్ వచ్చాకే, పాఠాన్ని చిన్న చిన్న ముక్కలు చేసుకుని, మధ్యమధ్యలో లేచి తిరుగుతూ, పరీక్ష గట్టెక్కింది.

"అయ్యో! ఒక్కసారైనా వెళ్ళి దణ్ణం పెట్టి రావాలనుకున్నానే."

పిల్ల గోడ దగ్గరికి వెళ్ళి, ఒక గొడుగు పిడి పట్టుకుని నిలబడిపోయింది.

"ఇది మా సార్‌దే. ఆయనకీ నాలాగే ఏదీ గుర్తుండదమ్మా, అందుకే ఈ దారం నేనే కట్టాను. దీనికోసం ఆయన నీ దగ్గరికి రాలేదా?"

ఆవిడ సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

తన కూతుర్ని తెలివైనదని మొట్టమొదట అన్న మనిషి, ఆ మాట ఈ కిటికీ దగ్గరే, అందరి నవ్వుల మధ్య, తనతోనే అన్నాడు.