చంక కింద చిరుగు

పొడుగు పిల్ల తెల్ల జాకెట్టు చంక కింద జానెడు మేర విచ్చుకుంది.

రెఫరీ చెయ్యెత్తి ఫెన్సింగు ఆట ఆపాడు.

"దీంతో ఆడనివ్వను. కత్తి లోపలికి దిగుతుంది. ఇంకోటి ఉంటే వేసుకో."

పొడుగు పిల్ల దగ్గర ఇంకోటి లేదు. ఆ పొడుగుకి సరిపోయేది ఆ హాల్లో ఎవరి దగ్గరా లేదు.

"పది నిమిషాలిస్తున్నా. కుట్టించుకునొస్తే సరే. లేదంటే ఓడినట్టే."

స్కోరు పద్నాలుగు, పద్నాలుగు. పదిహేనోది ఎవరు కొడితే వాళ్లు జట్టులోకి.

ఆట జరిగే పొడవాటి పట్టీకి ఈ చివర నిలబడ్డ అమ్మాయిని మాస్టారు మిడత అని పిలుస్తారు.

పాయింటు దగ్గరపడితే చాలు, వెనకాముందూ చూడకుండా ఎగిరి దూకుతుంది. పోయినేడూ, అంతకుముందేడూ సరిగ్గా పద్నాలుగు దగ్గర దూకి, అవతలి కత్తి మీదే పడింది.

ఈ జట్టుకి వయసు హద్దుంది. వచ్చే నెలతో మిడత ఆ హద్దు దాటిపోతుంది.

ఏడాదిగా మాస్టారు చేతికన్నా బుర్రకే ఎక్కువ పాఠం చెప్పారు. కళ్లు మూయించి ఆటంతా మనసులో ఆడించారు. ఊపిరి లెక్కపెట్టించారు. ఈ పొద్దున చేతి తొడుగు మీద పెన్నుతో 'ఆగు' అని రాసి పంపారు.

చెమటకి అది ఎప్పుడో చెరిగిపోయింది.

"కూర్చోవే," అన్నారు.

"కూర్చోలేను మాస్టారూ."

"పోనీ ఆ గంతులన్నా మానెయ్."

కాళ్లు మానలేదు. ఈ పది నిమిషాలూ ఈ పిల్ల బుర్ర కుతకుత ఉడికి అడుగంటుతుందని ఆయనకి తెలుసు.

బెంచీల మధ్య నుంచి ఒకావిడ లేచి వచ్చింది. చొక్కా కాలరుకి గుచ్చి ఉన్న సూది తీసింది.

"ఇలా తేమ్మా," అంది పొడుగు పిల్లతో.

ఆవిడ మిడత తల్లి. దర్జీ పని. క్లబ్బు పిల్లల జాకెట్లకి ఏ చిరుగు పడినా ఆవిడ దగ్గరికే వస్తుంది.

మిడత ఒక్క అంగలో అక్కడుంది.

"అమ్మా! అదెవరిదో తెలుసా?"

"ఎదురుగానే నిలబడిందిగా."

"నువ్వు కుట్టకపోతే నేను గెలిచినట్టే!"

తల్లి సంచిలోంచి దారపు రీలు తీసింది.

"నువ్వు చింపావా?"

"లేదు. అదే చిరిగింది."

"అయితే గెలిచేది చిరుగు. నువ్వు కాదు."

పొడుగు పిల్ల నవ్వాపుకోలేక మొహం పక్కకి తిప్పుకుంది.

తల్లి కళ్లజోడు ఇంట్లో కుట్టుమిషను మీదే ఉండిపోయింది. దారం సూది పక్కనుంచి జారింది.

"ఇటివ్వు, నేనెక్కిస్తా," అంది మిడత ఆగలేక.

"నీకిస్తే పొడిచి పొడిచి దారం కొస పోగులు లేపుతావు. చిన్నప్పట్నుంచీ చూస్తున్నాగా."

ఆవిడ వెంటనే మళ్లీ ప్రయత్నించలేదు.

చేతులు ఒళ్లోకి దించింది. దారం కొస నాలుక మీద తడిపింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెల్లగా నులిమింది. ఒక ఊపిరి వదిలింది.

అప్పుడు సూది పైకెత్తింది.

మళ్లీ జారింది.

మళ్లీ చేతులు ఒళ్లోకి. మళ్లీ తడి. మళ్లీ నులమడం. విసుగు లేదు. మొదటిసారే ఎక్కిస్తున్నట్టుంది.

గోడ మీద గడియారం నాలుగు నిమిషాలు మింగేసింది.

తన కాళ్లు ఎప్పుడు ఆగాయో మిడతకే తెలియదు.

మూడోసారి దారం ఎక్కింది.

జంట దారంతో, వరిగింజంత కుట్లు. చివర ముడేసి పంటితో కొరికింది. రెఫరీ రెండు వైపులా పట్టి లాగి చూశాడు. కుట్టు కదల్లేదు.

"కొత్తదానికన్నా గట్టిగా ఉందే!" అన్నాడు.

పొడుగు పిల్ల జాకెట్టు తొడుక్కుంది.

"చెయ్యెత్తు. పట్టేస్తోందా?"

"లేదాంటీ."

"అయితే బాగా ఆడు."

"అమ్మా!" అంది మిడత.

"నువ్వూను."

ఇద్దరూ పాయింట్లు లెక్కపెట్టే యంత్రం తీగలు తగిలించుకున్నారు. మాస్కులు దించుకున్నారు. గీతల దగ్గర నిలబడ్డారు.

ఇద్దరూ సరేననేదాకా రెఫరీ ఆట మొదలుపెట్టడు. అది రూలు. మిడత విషయంలో ఆ రూలు ఎప్పుడూ అవసరపడలేదు. ఆయన నోట మాట పూర్తికాకముందే "రెడీ" అని అరుస్తుంది.

"రెడీ?" అన్నాడు రెఫరీ.

మాస్టారు తువ్వాలు పిడికిట్లో బిగించి కళ్లు మూసుకున్నారు.

అరుపు వినపడలేదు.

కళ్లు తెరిచారు.

మిడత కత్తి కొన నేలకి దించి ఉంది. ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ ఒకదానితో ఒకటి మెల్లగా నులుముతోంది.

"ఇంకా లేదండీ," అంది.

రెఫరీ ఆగాడు. పొడుగు పిల్ల ఆగింది.

బెంచీ మీద తల్లి సూదిని తిరిగి కాలరుకి గుచ్చుకుంటోంది.

మాస్టారు తువ్వాలు మడిచి ఒళ్లో పెట్టుకుని, పొద్దున్నుంచీ మొదటిసారి, కుర్చీలో వెనక్కి ఆనుకున్నారు.