కత్తెర ఏ అరలో?

"నా కత్తెర చెంచాల అరలో ఏం చేస్తోంది?"

మెట్లు దిగి వంటింట్లోకి వచ్చీ రాగానే ఆమె అడిగిన మొదటి మాట అది.

"పాల పాకెట్లు కోస్తోంది," అంది అత్తయ్య, పొయ్యి మీంచి చూపు తిప్పకుండా.

"అది బట్టల కత్తెర, అత్తయ్యా. కుట్టుపెట్టెలో ఉండాలి."

"కుట్టుపెట్టెలో ఉన్నన్నాళ్ళూ ఒక్క గుడ్డపీలిక కోసిన పాపాన పోలేదు. ఎక్కడ పనికొస్తే అక్కడిదే అది."

"ఇలా అయితే ఇల్లంతా కలగాపులగమే!"

"నీకు అన్నిటికీ అరలు కావాలి. ఏ అరలో పెట్టాలో తేల్చమంటే మాత్రం నెలలు నానుస్తావు."

బల్ల దగ్గర అత్తయ్యగారి ఏకైక పుత్రరత్నం, లెక్కల మాస్టారు, పొలమారినట్టు దగ్గాడు. ఈ ఇద్దరి తగవులో తల దూర్చే రకం కాదాయన. "బడికి వేళయింది," అని గొణిగి, సగం తిన్న పళ్ళెం వదిలి జారుకున్నాడు.

ఆసుపత్రిలో ఆమె ఉద్యోగమే అరలు చెయ్యడం. రోగి గురించిన ఏ వివరం కంప్యూటర్లో ఏ గడిలో పడాలో నిర్ణయించేది ఆమే. ఆమెకు పగంటూ ఉంటే 'ఇతరములు' అనే గడి మీదే. ఒకావిడకు పెన్సిలిన్ పడదన్న సంగతి ఎవరో అందులో రాసి పడేశారు. సూది వేసే ముందు నర్సు నోటితో అడిగింది కాబట్టి సరిపోయింది. ఇక చుట్టరికాల గోల చెప్పనే అక్కర్లేదు. ఒకాయన పక్కింటావిడను పిన్నీ అని పిలిచాడని, గుమాస్తా ఆవిడను తల్లికి చెల్లెలిగా ఎక్కించాడు. ఆ పిన్నిగారి చక్కెర జబ్బు వంశంలోనే ఉందని కంప్యూటరు ఆయన్ని హడలగొట్టింది.

"పిలుపు వేరు, సంబంధం వేరు," అంటూ ఆమె కంప్యూటర్లో వివరాలు నింపడానికి కొత్త తెర తయారుచేసింది. 'ఇతరములు' ఎగిరిపోయింది. జాబితాలోని మాటల్లో ఒకటి నొక్కితే తప్ప తెర ముందుకు కదలదు. ఈ సాయంత్రంలోగా పెద్ద డాక్టరు ఒప్పుకోవాలి. లేదంటే ఇన్నాళ్ళ కష్టం గంగపాలు, పాత తెరే గతి.

"నిజమైన రోగి వివరాలు ఎక్కించి చూపించమ్మా. ఎక్కడా ఆగకూడదు," అన్నాడాయన.

వచ్చే వారం అత్తయ్యకు మోకాలి ఆపరేషన్. ఆవిడ వివరాలే ఎక్కించింది. వయసు, రక్తపోటు, పడని మందులు టకటకా పడ్డాయి. తోడుండే మనిషి: తన పేరు. సంబంధం...

వేలు ఆగింది.

సరైన మాట జాబితాలోనే ఉంది. ఎవరూ వంక పెట్టలేని మాట. వేలు మాత్రం దాని మీద పడనంటోంది.

"ఆగింది తెరా, నువ్వా?" పెద్ద డాక్టరు నవ్వాడు. "పొద్దున్నే అత్తయ్యతో పేచీ పెట్టుకొచ్చావా?"

"కత్తెర గురించండీ."

ఎక్కడ పనికొస్తే అక్కడిదే. పొద్దుటి మాట చెవిలో గింగురుమంది. ఆమె ఒక మాట నొక్కింది. తెర గబుక్కున ముందుకు కదిలింది.

"భేష్! రేపట్నించి ఇదే," అన్నాడు పెద్ద డాక్టరు.

రాత్రి ముగ్గురూ భోజనాలకు కూర్చున్నారు.

"నీ తెర ఏమైంది?" అడిగింది అత్తయ్య.

"ఒప్పేసుకున్నారు! మొదటి రోగి మీరే. పక్కన తోడు నేను."

"నువ్వు నాకేమవుతావని రాశావు? కత్తెర కోసం పోట్లాడే మనిషనా?"

"కోడలు."

అత్తయ్య తినడం ఆపింది. "ఆలోచించే నొక్కావా?"

"రికార్డుల్లో అబద్ధం రాసే అలవాటు నాకు లేదు, అత్తయ్యా. అదింక మార్చను. కత్తెర కూడా చెంచాల అరలోనే ఉండనివ్వండి."

లెక్కల మాస్టారు గ్లాసు నిండిపోయినా నీళ్ళు పోస్తూనే ఉన్నాడు. అత్తయ్య కొడుకు చేతిలోంచి చెంబు లాక్కుని, ముఖమంతా నవ్వు చేసుకుని అంది:

"అయితే నువ్వు అద్దెకుండే పైవాటాకి రేపే టులెట్ బోర్డు పెట్టిస్తాను."